తుఫాను నీళ్ళను బోరులోకి దించాలంటే

తిరుపతి, చిత్తూరు వైపు కరువు తీర్చేవి చాలాసార్లు అక్టోబరు, నవంబరు, డిసెంబరు నెలల్లో బంగాళాఖాతంలో పుట్టే వాయుగుండాలే. అయితే అవి చెరువు నింపినంత సులువుగా బోరు నింపవు. 2021 నవంబరులో స్వర్ణముఖి పొంగింది, రాయలచెరువు కట్టకు గండి పడుతుందేమోనని కింది ఊళ్ళను ఖాళీ చేయించారు. అంత వానకూ ఇక్కడి గట్టి రాతిలో నీళ్ళు దిగేది పగుళ్ళ వెంటే, అదీ నిదానంగా. ఖరీఫ్ వేరుశనగకైతే ఈ వానలు మేలుకన్నా కీడే: పీకే వేళకు తడిస్తే కాయ మొలకెత్తుతుంది.

ఎకరం మీద 100 మి.మీ. కురిస్తే 4 లక్షల లీటర్లు. అందులో కొంతైనా నిలుపుకోవాలంటే బోరు చుట్టూ ఇంకుడు గుంత తవ్వాలి, ఆ పని సెప్టెంబరులోనే ముగించాలి. తుఫాను హెచ్చరిక విన్నాక తవ్వితే దరులు విరిగి పూడిపోతుంది.

ఎండిన బోరునే ఎంచుకోండి, తాగునీటి బోరు జోలికి వెళ్ళొద్దు. మోటారు, పైపులు పైకి తీశాక కేసింగు (బోరు గోడలు కూలకుండా దించిన వెడల్పాటి గొట్టం) చుట్టూ 10 అడుగుల పొడవు, వెడల్పు, లోతుతో గుంత తవ్వాలి. దరులు వాలుగా ఉండాలి, నిట్టనిలువుగా తవ్వితే మనుషుల మీద పడతాయి. కేసింగుకు గుంత అడుగు నుంచి 3 అడుగుల ఎత్తు వరకే సన్న రంధ్రాలు వేసి, నైలాన్ దోమతెర మూడు చుట్లు చుట్టి కట్టండి. అంతకంటే పైన వేస్తే వడపోత పూర్తి కాకుండానే బురద లోపలికి దిగుతుంది. ఒకసారి పగుళ్ళు ఒండ్రుతో మూసుకుపోయాయా, ఆ బోరు మీద ఆశ వదులుకోవాల్సిందే.

అడుగున 4 అడుగులు పెద్ద రాళ్ళు, వాటిపై 2 అడుగులు 40 మి.మీ. కంకర, ఒక అడుగు 20 మి.మీ. కంకర, ఆపైన దోమతెర పరిచి ఒక అడుగు ముతక ఇసుక. పై 2 అడుగులు ఖాళీగా వదలండి.

చేలోంచి వచ్చే నీటిని నేరుగా పంపొద్దు. ఎగువన 6 అడుగుల చిన్న గుంత తవ్వి, మట్టి అందులో పేరుకున్నాక పైనీరే పైపుతో రానివ్వండి. మొదటి వాన నీళ్ళు, పేడదిబ్బ వైపు నీళ్ళు, కోళ్ళ ఫారం నీళ్ళు పక్కకు మళ్ళించాలి. 20 సెం.మీ. వాన కురిసే రోజున ఏ గుంతా చాలదు కనుక పొంగే నీరు పోవడానికి పక్కన కాలువ తప్పనిసరి.

వాన వెలిసి ఒక రోజు దాటినా గుంతలో నీళ్ళు నిలిచే ఉంటే ఇసుక మూసుకుపోయినట్టే. ఆరాక పై రెండు మూడు అంగుళాలు గీరి కొత్త ఇసుక వేయండి.