కోనసీమ ఉక్కలో వెనక తల గాట్లు ఎలా మానాయంటే

జుట్టు మార్పిడి చేయించుకుని అమలాపురం వచ్చేసరికి నడి వేసవి. మన కోనసీమ ఉక్క తెలిసిందేగా, మెడ వెనక చెమట ఆరదు. ఎఫ్.యు.ఇ. పద్ధతిలో, అంటే వెనక తల నుంచి వెంట్రుక కుదుళ్లను ఒక్కొక్కటిగా తీసి నాటే పద్ధతిలో, కుదుళ్లు తీసిన చోట మిల్లీమీటరు అటూఇటూ సైజు చుక్కలుంటాయి. పెచ్చులు 7 నుంచి 14 రోజుల్లో వాటంతటవే రాలతాయి, గోకకూడదు, అంతే. నన్ను ఏడిపించింది ఆ తర్వాత అక్కడే లేచిన చీము పొక్కులు. దిండుకు తల ఆనిస్తే ఒకటే సలుపు.

అమ్మ కొబ్బరినూనె రాస్తానంది. వద్దన్నాను, ఆ జిడ్డుకు కుదుళ్లు ఇంకా మూసుకుపోతాయి. ఫొటో పంపితే డాక్టరుగారు కుదుళ్ల వాపని చెప్పి పూతమందు రాశారు. గోరువెచ్చటి నీళ్లలో పిండిన శుభ్రమైన గుడ్డతో రోజూ కాపడం పెట్టాను, ఒక్క పొక్కూ గిల్లలేదు. కాలవ స్నానం మానేశాను. పచ్చి గాయానికి కాలవ నీళ్లు తగలనే కూడదు. కొబ్బరితోటకెళ్తే వదులు టోపీ, ఎండకు మచ్చ నల్లబడుతుంది కాబట్టి. మెల్లగా పొక్కులు అణిగాయి.

నాటిన వెంట్రుకలు మొదటి రెండు నెలల్లో రాలితే హడలిపోకండి, కుదురు లోపలే ఉంటుంది. 3, 4 నెలలకు మళ్లీ మొలుస్తాయి, పూర్తి ఫలితానికి ఏడాది పడుతుంది. జ్వరమొచ్చినా, ఎరుపు పాకినా మాత్రం ఆగకుండా డాక్టరు దగ్గరికి వెళ్లండి.