కాక్‌టెయిల్ కుటుంబాలు: ఏ స్పిరిట్‌తో ఏది కలపాలి, ఎంత కలపాలి

కాక్‌టెయిల్ తయారీ నేర్చుకోవాలనుకునేవారు సాధారణంగా పేర్ల దగ్గరే తడబడతారు. డైకిరీ, మార్గరీటా, సైడ్‌కార్, విస్కీ సవర్ అంటూ వందల పేర్లున్నాయి, ఒక్కోదానికి ఒక్కో కొలత ఉంది, అన్నింటినీ కంఠస్థం చేయడం ఎవరి తరమూ కాదు. నిజానికి ఆ అవసరమూ లేదు. ఇప్పుడు చెప్పిన నాలుగూ ఒకే కుటుంబానివి: ఒక స్పిరిట్, దానికి కొంత పులుపు, ఆ పులుపును సరిదిద్దే తీపి. స్పిరిట్ మారగానే పేరు మారుతుంది కానీ పొందిక మారదు. ఇలాంటి పొందికలు నాలుగైదు పట్టుబడి, ఏ స్పిరిట్‌కు ఏ స్వభావం ఉందో తెలిస్తే, మిగిలినవి వాటంతటవే అర్థమవుతాయి.

ముందుగా స్పిరిట్ సంగతి. ధాన్యాన్నో పండునో చెరకునో పులియబెట్టి, ఆ ద్రవాన్ని మరిగించి, పైకి లేచిన ఆవిరిని చల్లార్చి పట్టిన మద్యమే స్పిరిట్. అందులో ఆల్కహాల్ తరచుగా 40 శాతం దగ్గర ఉంటుంది. పులియబెట్టి వదిలేసిన వైన్, బీరు ఈ కోవలోకి రావు, అయితే కాక్‌టెయిల్‌లో తోడుగా వస్తాయి. స్పిరిట్ రుచి అది దేని నుంచి పుట్టిందన్న దాని మీద, పీపాలో ఎంతకాలం ఉందన్న దాని మీద ఆధారపడుతుంది, కాబట్టి ఎంపిక కూడా అక్కడి నుంచే మొదలు కావాలి.

వోడ్కాను ధాన్యంతోనో బంగాళాదుంపలతోనో చేస్తారు. సొంత రుచి వీలైనంత తక్కువగా ఉండేలా శుద్ధి చేస్తారు కాబట్టి దేనితో కలిపితే దాని రుచినే మోస్తుంది. కొత్తవారికి ఇది సులువుగా కనిపిస్తుంది గానీ, కలిపినవాటిలో లోపాన్ని దాచే గుణం దానికి లేదు. జిన్ కూడా మూలంలో అలాంటి తటస్థమైన మద్యమే. జ్యూనిపర్ కాయలు, ధనియాలు, నారింజ జాతి పండ్ల తొక్కలు వంటివాటితో దానికి సువాసన పట్టిస్తారు. రమ్ము చెరకు నుంచి, ఎక్కువగా చక్కెర తీయగా మిగిలిన మడ్డి నుంచి వస్తుంది. బ్రెజిల్‌లో చేసే కషాసా మాత్రం తాజా చెరకు రసం నుంచే వస్తుంది, అందుకే దానిలో పచ్చిగడ్డి వాసన లాంటి ఛాయ ఒకటి తగులుతుంది. మెక్సికోలో పుట్టిన టెకీలాకు నీలి అగేవ్ అనే మొక్క దుంప ఆధారం. సీసా మీద నూరు శాతం అగేవ్ అని లేకపోతే అందులో 49 శాతం వరకు ఇతర చక్కెరల నుంచి వచ్చిన మద్యం ఉండవచ్చు, కనుక ఆ ఒక్క మాట చూసి కొనడం మంచిది. మెస్కాల్‌కు అగేవ్ దుంపలను సాధారణంగా భూమిలో తవ్విన గుంటల్లో కాలుస్తారు, దానిలోని పొగ వాసనకు అదే కారణం. ద్రాక్ష వైన్‌ను బట్టీ పడితే బ్రాందీ. ఫ్రాన్స్‌లోని కోన్యాక్ ప్రాంతంలో నియమానుసారం తయారైన బ్రాందీకి మాత్రమే ఆ ఊరి పేరు పెట్టుకునే హక్కుంది. ఇక విస్కీలలో కాక్‌టెయిల్‌కు ఎక్కువగా వాడేవి రెండు. బర్బన్‌లో మొక్కజొన్న కనీసం 51 శాతం ఉండాలి, దాన్ని లోపలి వైపు కాల్చిన కొత్త ఓక్ పీపాల్లో ఉంచాలి, అందుకే అది తియ్యగా వెనిల్లా వాసన వేస్తుంది. రై అనే ధాన్యం ప్రధానంగా ఉండే రై విస్కీ కాస్త కారంగా, పొడిగా, అంటే తీపి తక్కువగా ఉంటుంది.

ఇక పొందికలు. అన్నింటికన్నా పాతది చాలా సాదాది. 1806లో న్యూయార్క్ రాష్ట్రంలోని హడ్సన్ పట్టణంలో వెలువడిన ఒక పత్రిక కాక్‌టెయిల్ అంటే ఏమిటో చెబుతూ నాలుగు పదార్థాలను పేర్కొంది: ఏదైనా ఒక స్పిరిట్, చక్కెర, నీళ్లు, బిటర్స్. బిటర్స్ అంటే మూలికలనూ బెరళ్లనూ ఆల్కహాల్‌లో నానబెట్టి తీసిన ఘాటైన చేదు సారం, దాన్ని చుక్కల్లోనే వాడతారు. అందరికీ తెలిసిన ఆంగోస్తురా బిటర్స్‌ను 1824లో వెనిజులాలో ఒక వైద్యుడు తయారుచేశాడు, ఇప్పుడది ట్రినిడాడ్‌లో తయారవుతోంది. తరవాతి కాలంలో పానశాలలు ఈ సాదా పానీయానికి రకరకాల లిక్కర్లు (తీపి, సువాసనలు చేర్చిన మద్యాలు) చేర్చడం మొదలుపెట్టేసరికి, పాతకాలం పద్ధతిలోనే కావాలని అడిగేవారి కోరికే ఓల్డ్ ఫ్యాషన్డ్ అనే పేరుగా మిగిలింది. దీన్ని చేయడానికి గ్లాసులో ఒక చక్కెర బిళ్లను రెండు మూడు చుక్కల బిటర్స్‌తో, చెంచాడు నీళ్లతో కరిగించి, 45 నుంచి 60 మిల్లీలీటర్ల బర్బన్ లేదా రై పోసి, పెద్ద మంచు ముక్క వేసి నెమ్మదిగా తిప్పాలి. నారింజ తొక్కను గ్లాసు మీద పట్టుకుని మెలితిప్పితే దానిలోని నూనె సన్నని జల్లులా పైన పడుతుంది. ఆ తొక్క అలంకారం కాదు, సగం వాసన దానిదే.

రెండో కుటుంబంలో స్పిరిట్‌కు తోడు వెర్మూత్. మూలికలు వేసి, కొంత స్పిరిట్ చేర్చి బలపరిచిన వైన్ ఇది. ఎర్రగా తియ్యగా ఉండేది ఒకటి, తెల్లగా పొడిగా ఉండేది మరొకటి. 50 మిల్లీలీటర్ల రై విస్కీకి 20 మిల్లీలీటర్ల తీపి వెర్మూత్, ఒక చుక్క బిటర్స్ కలిపితే మాన్‌హట్టన్. రై స్థానంలో స్కాచ్ వేస్తే రాబ్ రాయ్. 60 మిల్లీలీటర్ల జిన్‌కు 10 మిల్లీలీటర్ల పొడి వెర్మూత్ కలిపితే డ్రై మార్టీనీ. జిన్, తీపి వెర్మూత్, కంపారీ అనే చేదు లిక్కర్ మూడింటినీ 30 మిల్లీలీటర్ల చొప్పున కలిపితే నెగ్రోనీ, అందులో జిన్ బదులు బర్బన్ వేస్తే బూలివార్డియే. నెగ్రోనీని కొలత తప్పి పాడుచేయడం కష్టం కాబట్టి ఈ కుటుంబంలో మొదట దానితోనే మొదలుపెట్టమని నా సలహా. మార్టీనీ విషయంలో వెర్మూత్‌ను వాసన చూపించి తీసేయడం గొప్పతనమని కొందరు భావిస్తారు. నా దృష్టిలో అది కాక్‌టెయిల్ కాదు, చల్లటి జిన్ మాత్రమే. అసలు వెర్మూత్ మీద చాలామందికి ఉన్న అయిష్టానికి కారణం నెలల తరబడి అల్మరాలో మూత తీసి ఉన్న సీసా. అది వైన్ కనుక తెరిచాక ఫ్రిజ్‌లోనే ఉంచి, నెలా రెండు నెలల్లో ముగించాలి.

మూడోది పులుపు తీపి కలిసిన సవర్ కుటుంబం. శ్రద్ధ అంతా దీని మీదే పెట్టడం మేలు, ఎందుకంటే చేతి నైపుణ్యం బయటపడేది ఇక్కడే. ఆరంభానికి గుర్తుంచుకోవలసిన కొలత ఇది: స్పిరిట్ 60, నిమ్మరసం 25, చక్కెర సిరప్ 20 మిల్లీలీటర్లు. సిరప్ అంటే సమాన భాగాల చక్కెరనూ నీళ్లనూ కరిగేదాకా కలిపినది, ఉడికించి తీగపాకం పట్టనక్కరలేదు. ఈ కొలతలో తెల్ల రమ్ము పోస్తే డైకిరీ, బర్బన్ పోస్తే విస్కీ సవర్, జిన్ పోస్తే జిన్ సవర్. చక్కెర సిరప్ స్థానంలో నారింజ లిక్కర్ వస్తే టెకీలాతో మార్గరీటా, కోన్యాక్‌తో సైడ్‌కార్ అవుతాయి. లిక్కర్‌లో చక్కెర తక్కువ, ఆల్కహాల్ ఎక్కువ కాబట్టి అక్కడ కొలతను కొంచెం సర్దుకోవాలి: మార్గరీటాకు టెకీలా 50, లిక్కర్ 20, నిమ్మరసం 15 చక్కగా సరిపోతాయి. వోడ్కా, నారింజ లిక్కర్, నిమ్మరసం, క్రాన్‌బెర్రీ రసం కలిసిన కాస్మోపాలిటన్ కూడా ఈ ఇంటిదే. తెలుగులో రెండింటినీ నిమ్మ అనే అంటాం గానీ, పలుచని తొక్కతో చిన్నగా ఉండే పచ్చనిమ్మ వేరు, మందపాటి పసుపు తొక్కతో ఉండే పెద్ద నిమ్మ వేరు. రమ్ము, టెకీలాలకు మొదటిది, విస్కీ, బ్రాందీలకు రెండోది నప్పుతాయి. సీసాల్లో అమ్మే రసం దేనికీ నప్పదు.

డైకిరీని ఒక్కసారి క్రమంగా చేసి చూద్దాం. క్యూబాలో శాంటియాగో దగ్గరున్న ఒక ఊరి పేరు దీనికి వచ్చింది. ముందు గ్లాసును ఫ్రీజర్‌లో పెట్టాలి. కాయను అప్పటికప్పుడు పిండి, వడగట్టి, రసాన్ని కొలపాత్రతో కొలవాలి, ఒక్కో కాయలో రసం ఒక్కో విధంగా ఉంటుంది కాబట్టి సగం చెక్క, చెక్క అనే లెక్క పనికిరాదు. షేకర్‌లో మొదట నిమ్మరసం, సిరప్, చివరికి రమ్ము పోయాలి. పొరపాటు జరిగితే ఖరీదైన పదార్థం వృథా కాకుండా ఉండడానికే ఈ క్రమం. అప్పుడు షేకర్‌ను మంచు ముక్కలతో ముప్పాతిక వంతు నింపి, మూత బిగించి, 12 నుంచి 15 సెకన్లు గట్టిగా ఊపాలి. చేతికి పట్టుకోలేనంత చల్లదనం తగిలాక గ్లాసులోకి వడగట్టాలి. ఊపక ముందు ఉన్నదానికన్నా ఊపాక ద్రవం బాగా పెరుగుతుంది. ఆ పెరిగినదంతా మంచు కరిగిన నీరే. అది లోపం కాదు, పదార్థాల్లో ఒకటి; ఆ నీరు లేకపోతే మద్యం ఘాటు తప్ప మరో రుచి నాలుకకు అందదు. అందుకే ఫ్రీజర్ నుంచి అప్పుడే తీసిన పెద్ద, గట్టి ముక్కలు కావాలి. అప్పటికే చెమర్చి నీళ్లు కారుతున్న మంచు పానీయాన్ని చల్లబరచక ముందే పలచన చేస్తుంది.

రుచి చూసినప్పుడు పళ్లు పులిసినట్లుంటే సిరప్ 5 మిల్లీలీటర్లు పెంచాలి, నాలుకకు జిగటగా అనిపిస్తే నిమ్మరసం అంతే పెంచాలి. రెండూ సరిగా ఉండి చప్పగా తోస్తే మంచు తప్పు. ఒక్కసారికి ఒక్క మార్పే చేయడం ముఖ్యం, లేకపోతే ఏది సరిదిద్దిందో తెలియదు.

ఊపాలా, తిప్పాలా అన్న ప్రశ్నకు జవాబు పదార్థాల్లోనే ఉంది. రసం, మీగడ, గుడ్డు ఉన్నవాటిని ఊపాలి, అవి బాగా కలవాలంటే గాలీ బలమూ కావాలి. మద్యాలే ఉన్న మాన్‌హట్టన్, మార్టీనీ, నెగ్రోనీలను మంచుతో అరనిమిషం పాటు చెంచాతో తిప్పితే చాలు, తేటగా, నున్నగా ఉంటాయి. సినిమాల్లో నాయకుడు మార్టీనీని ఊపి ఇమ్మని అడగవచ్చు గానీ, అలా చేస్తే వచ్చేది మసకబారిన, మరింత పలచబడిన మార్టీనీ. విస్కీ సవర్‌లో గుడ్డు తెల్లసొన వేసేవారు ముందు మంచు లేకుండా ఒకసారి, మంచుతో ఇంకోసారి ఊపితే చిక్కటి నురుగు కడుతుంది. అది పచ్చి గుడ్డు అని తాగేవారికి ముందే చెప్పాలి.

సవర్‌కు సోడా చేర్చి పొడుగు గ్లాసులో పోస్తే నాలుగో కుటుంబం. జిన్, పెద్ద నిమ్మరసం, సిరప్, సోడా కలిస్తే టామ్ కాలిన్స్. డైకిరీకి పుదీనా, సోడా తోడైతే మోహితో. వోడ్కా, పచ్చనిమ్మ, జింజర్ బీర్ అనే అల్లం సోడా కలిస్తే మాస్కో మ్యూల్. సోడాను ఎప్పుడూ చివర్లో గ్లాసులోనే పోయాలి, షేకర్‌లో పోసి ఊపితే మూత ఎగిరిపోతుంది. మోహితోలో పుదీనాను పచ్చడి నూరినట్లు నూరకూడదు. ఆకులను మెల్లగా అదిమితే వాసన వస్తుంది, చిదిమితే పసరు చేదు వస్తుంది. కషాసాతో చేసే కైపిరిన్హాలో మాత్రం దీనికి తలకిందులు: నిమ్మ ముక్కలను చక్కెరతో గట్టిగానే అదమాలి, తొక్కలోని నూనె కావాలి కనుక. జిన్ టానిక్‌కు ఒక వంతు జిన్, మూడు వంతులు టానిక్ వాటర్ (క్వినైన్ చేదున్న సోడా) సరిపోతాయి. కొబ్బరి క్రీము, అనాస రసం కలిసిన పీనా కొలాడా, టమాటా రసంతో చేసే బ్లడీ మేరీ ఏ కుటుంబంలోనూ పూర్తిగా ఇమడవు. వాటిని సరదాకు చేసుకోవచ్చు గానీ వాటితో చేయి తిరగదు.

కొలపాత్ర మరో కారణానికీ అవసరం. 40 శాతం స్పిరిట్ 60 మిల్లీలీటర్లలో స్వచ్ఛమైన ఆల్కహాల్ 24 మిల్లీలీటర్లు, అంటే దాదాపు 19 గ్రాములు ఉంటుంది. 10 గ్రాములను ఒక ప్రమాణంగా లెక్కించే దేశాల్లో ఆ ఒక్క గ్లాసు రెండింటి పెట్టు. తీపీ చల్లదనమూ ఆ ఘాటును దాచేస్తాయి కాబట్టి తాగినవారికి అంత తాగినట్లు అనిపించదు. బండి నడపవలసినవారికి స్పిరిట్ మానేసి నిమ్మరసం, సిరప్, సోడాలనే అదే శ్రద్ధతో కలిపి ఇవ్వాలి. ఎండలో కూర్చుని పచ్చనిమ్మ పిండేవారు వెంటనే చేతులు కడుక్కోవాలి, ఆ రసం అంటిన చర్మం మీద ఎండ పడితే బొబ్బలెక్కి మచ్చలు పడతాయి.

నలుగురికి ఒకేసారి ఇవ్వాలంటే సవర్‌లు అనువు కావు, పిండిన నిమ్మరసం గంటల్లోనే తాజాదనం కోల్పోతుంది. నెగ్రోనీని మాత్రం ముందు రోజే సిద్ధం చేసుకోవచ్చు. మూడు మద్యాలనూ 200 మిల్లీలీటర్ల చొప్పున కొలిచి, మంచు ఇవ్వవలసిన నీటికి బదులుగా 120 మిల్లీలీటర్ల చల్లటి మంచినీళ్లు చేర్చి, 750 మిల్లీలీటర్ల సీసాలో పోసి ఫ్రిజ్‌లో ఉంచాలి. ఒక్కో గ్లాసుకు వంద మిల్లీలీటర్ల లెక్కన ఏడు గ్లాసులు వస్తాయి. ఇచ్చేటప్పుడు పెద్ద మంచు ముక్క, నారింజ తొక్క చేర్చితే చాలు.