బైబిల్‌లో ముందే సైన్స్ ఉందా? ఎవరైనా ఒక వచనం పంపితే ఎలా చెక్ చెయ్యాలంటే

సైంటిస్టులు మొన్న కనిపెట్టారు, మన బైబిల్‌లో వేల ఏళ్ళ క్రితమే రాసుంది అని ఒక లిస్ట్ మీకూ ఎప్పుడో ఒకసారి వచ్చే ఉంటది. భూమి గుండ్రం అని యెషయా, శూన్యంలో వేలాడుతుందని యోబు, వాన నీళ్ళ సంగతి ప్రసంగి, సముద్రంలో ప్రవాహాల సంగతి కీర్తనలు, ఇలా పెద్ద చిట్టా. కొంతమంది చదివీ చదవకుండానే ఆమేన్ కొట్టి నలుగురికి పంపేస్తారు, ఇంకొంతమంది అంతే తొందరగా ఎగతాళి చేసేస్తారు, రెండు వైపులా ఆ అధ్యాయం తెరిచి చూసినోళ్ళు మాత్రం తక్కువ. నేను బైబిల్‌ని దేవుని వాక్యంగా చదివే మనిషిని, అందుకే ఈ చెకింగ్ విషయంలో నాకు పట్టింపు ఎక్కువ. వాక్యం చెప్పని మాట వాక్యం నోట్లో పెట్టకూడదు కదా.

ముందు చెయ్యాల్సిన పని చిన్నదే. ఒక కాగితం మీద రెండు లైన్లు రాయండి, పైన వచనం ఉన్నది ఉన్నట్టు, కింద సైన్స్ కనిపెట్టింది ఏంటి, ఎవరు, ఏ సంవత్సరం. ఈ లిస్టుల్లో ఆ రెండూ కలిపి ఒకే వాక్యంలా రాసేస్తారు, విడదీయగానే సగం సంగతి మనకే తెలిసిపోద్ది. ఉదాహరణకి యోబు 28:25లో దేవుడు గాలికి ఇంత బరువు ఉండాలని నియమించాడని ఉంది, గాలి ఒత్తిడిని పాదరసం గొట్టంతో చూపించింది టారిచెల్లి, 1640లలో. ఇప్పుడు పై లైను మళ్ళీ చదవండి, అదే వచనంలో నీళ్ళకి కొలత, తర్వాతి వచనంలో వానకి కట్టడ, ఉరుముకి దారి. మొత్తం అధ్యాయం అడిగేది జ్ఞానం ఎక్కడ దొరుకుద్ది అని. ప్రతిదానికీ కొలత పెట్టినోడు దేవుడే అనేది అక్కడ మాట, బారోమీటర్ సంగతి అక్కడ లేదు.

తర్వాత అధ్యాయం మొత్తం చదవాలి, ఇది తప్పించుకోవడానికి లేదు. యెషయా 40:22 తీస్కోండి, "ఆయన భూమండలముమీద ఆసీనుడై యున్నాడు" అనే మొదటి ముక్క మాత్రమే లిస్టుల్లో తిరుగుద్ది. అదే వచనంలో మనుషులు మిడతల్లా కనబడతారు, ఆకాశాన్ని తెరలాగా, గుడారం వేసినట్టు పరిచాడు అని కూడా ఉంది. మండలం ముక్క సైన్స్ అయితే గుడారం ముక్క కూడా సైన్స్ అవ్వాలి, అక్కడ మాత్రం అది కవిత్వం అంటే కుదరదు. పైగా భూమిని గుండ్రటి పళ్ళెంలా చుట్టూ నీళ్ళతో గీసిన బబులోను మట్టిపలక ఒకటి బ్రిటిష్ మ్యూజియంలో ఉంది, సుమారు క్రీస్తు పూర్వం ఆరో శతాబ్దం నాటిది, అంటే గుండ్రం అన్న మాట దొరికినంత మాత్రాన బంతి అని అర్థం కాదు, ఆ కాలంలో చాలామంది మనసులో ఉన్నది పళ్ళెమే. యెషయా అక్కడ ఎవరితో మాట్లాడుతున్నాడో చూడండి, నా ప్రజలను ఓదార్చుడి అని మొదలయ్యే అధ్యాయం అది, రాజులు అధిపతులు ఆయన ముందు ఏపాటి వాళ్ళు అని చెప్తుంది, ఎంత గొప్ప మాట! దాన్ని జాగ్రఫీ పాఠంగా కుదించెయ్యడం నాకైతే బాధగా ఉంటది.

యోబు 26:7 మాత్రం నిజంగా బలమైన వచనం, "శూన్యముపైన భూమిని వ్రేలాడచేసెను" అని చదివితే ఎవరికైనా ఒళ్ళు జలదరిస్తుంది, నేనేమీ దాన్ని తక్కువ చెయ్యను. కానీ నాలుగు వచనాలు దిగండి, 26:11లో ఆకాశానికి స్తంభాలున్నాయి, అవి అదురుతున్నాయి. 9:6లో భూమికి స్తంభాలున్నాయి. 38వ అధ్యాయంలో దేవుడే మాట్లాడుతూ భూమికి పునాది, మూలరాయి అంటాడు. 37:18లో ఆకాశం పోతపోసిన అద్దంలా గట్టిగా ఉందని ఎలీహు అంటాడు. ఒకే పుస్తకంలో భూమి వేలాడుద్ది కూడా, పునాది మీద నిలబడి కూడా ఉంది, ఎందుకంటే అది పాట, ఒక్కో చోట ఒక్కో బొమ్మ గీస్తుంది. యోబు విషయంలో ఇంకో జాగ్రత్త కూడా ఉంది, మాట్లాడేది ఎవరో చూస్కోవాలి. యోబుతో వాదించిన స్నేహితుల్లో ఎలీఫజు ఒకడు, నువ్వూ నీ స్నేహితులూ నన్ను గూర్చి సరిగ్గా పలకలేదని 42:7లో దేవుడే అతనితో అంటాడు, మరి ఎలీఫజు మాటల్లోంచి ఒక లైను తీసి దేవుడు చెప్పిన సైన్స్ అని పెడితే ఎట్లా?

మూడోది, ఆ సంగతి అప్పటికే మిగతా జనానికి తెలుసా అని చూడాలి. ప్రసంగి 1:7లో నదులన్నీ సముద్రంలో పడతాయి, సముద్రం నిండదు, ఎక్కడ్నుంచి వచ్చాయో అక్కడికే మళ్ళీ పోతాయి అని ఉంది. చక్కటి పరిశీలన, తప్పేం లేదు. కానీ ఎండకి నీరు ఆవిరై పైకెళ్ళి చల్లబడి వానగా పడుద్దని అరిస్టాటిల్ క్రీస్తు పూర్వం నాలుగో శతాబ్దంలో రాశాడు, ఆయన దగ్గర బైబిల్ లేదు. ఆ తర్వాత కూడా నదులకి నీళ్ళు చాలేంత వాన నిజంగా పడుతుందా అనే ప్రశ్న అలాగే ఉండిపోయింది, 1674లో పియెర్ పెరో అనే ఫ్రెంచాయన సెన్ నది పైభాగంలో పడే వానని లెక్కేసి, నదిలో పారే నీళ్ళకంటే అది చాలా ఎక్కువే అని చూపించాడు. కళ్ళతో చూసి ఊహించడం ఒకటి, కొలిచి తేల్చడం ఇంకోటి. ప్రసంగి మొదటి పని బాగా చేశాడు, అది కూడా అన్నీ తిరిగిందే తిరుగుతున్నాయి, మనిషికి తృప్తి లేదు అని చెప్పడానికి.

ఇప్పుడు అసలు పరీక్ష, నన్నడిగితే టైమ్ లేకపోతే మిగతావన్నీ వదిలేసి ఇదొక్కటి చెయ్యండి. సైన్స్ కనిపెట్టక ముందు ఆ వచనం చదివి ఆ సంగతి తెలుసుకున్నోళ్ళు ఒక్కరైనా ఉన్నారా? వచనంలో సమాచారం నిజంగా ఉంటే, దాన్ని రాత్రింబవళ్ళు ధ్యానించిన యూదు రబ్బీలకీ, సంఘ పితరులకీ (తొలి శతాబ్దాల క్రైస్తవ బోధకులు) ముందు కనబడాలి కదా. చరిత్ర చూడండి. నాలుగో శతాబ్దం మొదట్లో లాక్టాంటియస్ అనే క్రైస్తవ రచయిత, భూమికి అవతలి వైపు మనుషులు తలకిందులుగా ఉంటారా అని నవ్వాడు. ఆరో శతాబ్దంలో కాస్మాస్ అనే క్రైస్తవుడు అదే బైబిల్ చదివి, ప్రపంచం ప్రత్యక్ష గుడారం ఆకారంలో ఉందని, భూమి చదునని గట్టిగా వాదించాడు. ఎనిమిదో శతాబ్దంలో బీడ్ అనే ఇంగ్లండ్ సన్యాసి భూమి బంతిలా ఉందని రాశాడు, కానీ ఆ జ్ఞానం గ్రీకుల దగ్గర్నుంచి పుస్తకాల్లో వచ్చింది. నాలుగో శతాబ్దపు బిషప్ బాసిల్ అయితే భూమి బంతా పళ్ళెమా అని మోషే చెప్పలేదు, అది మనకి అవసరం లేదు కాబట్టి చెప్పలేదు అన్నాడు. అందరిదీ ఒకే బైబిల్, తేలినవి నాలుగు రకాల సమాధానాలు. ఇక గెలీలియో సంగతి చూడండి, సూర్యుడే తిరుగుతాడు భూమి కదలదు అనడానికి ఆ రోజుల్లో చూపించిన వచనాల్లో కీర్తన 104:5, సూర్యుడు ఆగిపోయాడనే యెహోషువ 10 ఉన్నాయి, 1633లో ఆయన్ని దోషి అన్నారు. ఆ తీర్పు చెప్పినోళ్ళ బైబిల్‌లో యోబు 26:7 కూడా ఉంది, అప్పుడది ఎవరికీ ఖగోళ శాస్త్రంలా కనబడలేదు.

దీనికి ఎదురుగా మాథ్యూ మోరీ అనే అమెరికా నౌకాదళ అధికారి పేరు చెప్తారు. కీర్తన 8:8లో "సముద్రమార్గములు" అన్న మాట చదివి సముద్రంలో దారులు వెతికి కనిపెట్టాడని. మోరీ నిజంగానే భక్తిపరుడు, 1855లో వచ్చిన తన పుస్తకంలో లేఖనాలు ఎత్తి చెప్పాడు కూడా. అయితే ఆయన మ్యాపులు వచ్చింది వందల ఓడల లాగ్‌బుక్కుల్లోంచి, ఏ రోజు ఎక్కడ గాలి ఎటు, నీటి వేగం ఎంత అని నావికులు రాసుకున్న లెక్కల్లోంచి. గల్ఫ్ స్ట్రీమ్ అనే అట్లాంటిక్ సముద్ర ప్రవాహాన్ని స్పెయిన్ నావికులు 1513లోనే గమనించారు, బెంజమిన్ ఫ్రాంక్లిన్ మోరీ పుట్టకముందే దాని చార్ట్ వేయించాడు. వచనం మనిషికి ఉత్సాహం ఇచ్చి ఉండొచ్చు, దాన్ని నేను సంతోషంగా ఒప్పుకుంటా, సమాచారం ఇచ్చింది మాత్రం లాగ్‌బుక్కులే.

వైద్యం క్లెయిములు వస్తే ఇంకా గట్టిగా చూడాలి, ఇక్కడ నష్టం ప్రాణానికి. లేవీయకాండము 13లో చర్మం మీద మచ్చ ఉన్నోడ్ని ఏడు రోజులు వేరుగా ఉంచమన్నారు, ద్వితీయోపదేశకాండము 23లో మలవిసర్జన పాళెం బయట చేసి మట్టితో కప్పమన్నారు, రెండూ మంచి అలవాట్లే, ఆ జనానికి మేలు చేసే ఉంటాయి. కానీ దీన్ని బట్టి మోషేకి క్రిములు తెలుసు అనేస్తే ఆ పక్క పేజీ అడ్డొస్తుంది. అదే కుష్టు బట్టలకి, ఇంటి గోడలకి కూడా వస్తుందని ఉంది, 14లో శుద్ధి కోసం ఒక పక్షిని చంపి దాని రక్తాన్ని ఏడుసార్లు ప్రోక్షించమని ఉంది. అది దేవుని సన్నిధికి తగినట్టు పవిత్రంగా ఉండడం గురించి, హాస్పిటల్ రూల్స్ గురించి కాదు. చేతులు కడిగితే బాలింతలు బతుకుతారని 1847లో వియన్నాలో సెమ్మెల్‌వైస్ అనే డాక్టర్ చూపించింది రెండు వార్డుల్లో చావుల లెక్కలు పోల్చి చూసి.

ఎనిమిదో రోజు సున్నతి క్లెయిమ్ అయితే చాలా చోట్ల వినబడుద్ది. పుట్టిన బిడ్డకి రక్తం గడ్డకట్టే శక్తి సరిగ్గా ఎనిమిదో రోజున జీవితంలో అన్నిటికంటే ఎక్కువ ఉంటుందని, అందుకే ఆదికాండము 17:12 అని. నిజానికి రక్తాన్ని గడ్డకట్టించే, విటమిన్ కె మీద ఆధారపడే పదార్థాలు పుట్టినప్పుడు తక్కువుండి నెలల తరబడి మెల్లగా పెరుగుతాయి, ఎనిమిదో రోజున శిఖరం ఏమీ లేదు. విటమిన్ కె ఇంజెక్షన్ వేయని పిల్లల్లో రెండో వారం నుంచి ఆరు నెలల లోపు కూడా రక్తస్రావం వచ్చే ప్రమాదం ఉంటది, అది మెదడులో కూడా కావొచ్చు. అమెరికా పిల్లల డాక్టర్ల అకాడమీ 1961 నుంచే పుట్టగానే విటమిన్ కె ఇవ్వమంటుంది. కాబట్టి ఎనిమిదో రోజుకి అదే సర్దుకుంటుందిలే అని ఎవరైనా ఇంజెక్షన్ వద్దంటే దయచేసి ఆపండి, మొహమాటపడకండి.

కథ రూపంలో వచ్చే క్లెయిమ్ ఉంటే దాని పుట్టుక వెతకండి. నాసా కంప్యూటర్‌కి ఒక రోజు తక్కువొచ్చింది, యెహోషువ కోసం సూర్యుడు ఆగిన సమయం ఇరవై మూడు గంటల ఇరవై నిమిషాలు, రాజైన హిజ్కియా కోసం నీడ వెనక్కి వెళ్ళిన పది డిగ్రీలు అంటే నలభై నిమిషాలు కలిపితే సరిపోయింది అనే కథ విన్నారుగా. నాసా అలాంటిదేమీ జరగలేదని చెప్పింది. ఆ లెక్క 1890లో చార్లెస్ టాటెన్ అనే ఆయన రాసిన పుస్తకం నాటిది, నాసా పుట్టిందే 1958లో. ఆలోచించినా తెలిసిపోద్ది, లెక్కల్లో వెనక్కి వెళ్తే గ్రహాల స్థానాలు వస్తాయి అంతే, రోజు మాయమైందని తెలియాలంటే యెహోషువ కంటే ముందు ఎవరో తేదీతో సహా రాసిన గ్రహణం రికార్డు పక్కన పెట్టి పోల్చాలి.

ఇంకొకటి, తక్కెడ రెండు వైపులా ఒకేలా ఉండాలి. వేరే మతం వాళ్ళు తమ గ్రంథంలో విమానాలు, పిండం ఎదుగుదల ఉన్నాయని ఇదే పద్ధతిలో చూపిస్తే మీరు ఒప్పుకుంటారా? ఒప్పుకోకపోతే మీ వచనానికీ ఆ పద్ధతి పనికిరాదు. అలాగే బైబిల్‌ని తప్పు పట్టేవాళ్ళకి కూడా ఇదే రూలు. 1 రాజులు 7:23లో తొట్టి అడ్డం పది మూరలు, చుట్టూ ముప్పై మూరలు అని ఉంటే పై (π, వృత్తం చుట్టుకొలతని అడ్డంతో భాగిస్తే వచ్చేది) విలువ మూడు అని బైబిల్ చెప్పింది అని ఎక్కిరిస్తారు, అది రౌండ్ చేసి చెప్పిన కొలత, లెక్కల సూత్రం కాదు. గబ్బిలాన్ని పక్షుల్లో కలిపారు అంటారు, ఎగిరేవన్నీ ఒక గుంపుగా పెట్టిన కాలం అది. కుందేలు నెమరువేస్తుందన్న లేవీయకాండము 11:6కి మాత్రం మనోళ్ళు ఈ మధ్య ఒక జవాబు చెప్తారు, కుందేలు తన రెట్ట మళ్ళీ తింటుంది కాబట్టి అదే నెమరు అని, అదీ సైన్స్ తెలిశాక వెనక్కి వెళ్ళి చదవడమే, దవడ ఆడించడం చూసి అన్నారు అంటే సరిపోద్ది.

విశ్వానికి ఒక మొదలు ఉందనే బిగ్ బ్యాంగ్ సిద్ధాంతం దగ్గర కొంచెం ఆగాలి, ఎందుకంటే దాన్ని ముందుగా ప్రతిపాదించింది జార్జ్ లెమైత్ర్ అనే కాథలిక్ ఫాదరే. 1927లో విశ్వం వ్యాకోచిస్తుందని రాశాడు, 1931లో అంతా ఒక ఆది అణువు నుంచి మొదలైందన్నాడు. 1951లో పోప్ పన్నెండో పయస్ ఆ సిద్ధాంతాన్ని "వెలుగు కలుగు గాక" అన్న మాటతో కలిపి మాట్లాడితే లెమైత్ర్ సంతోషపడలేదు, ఇబ్బంది పడ్డాడు. తన సిద్ధాంతం దైవం ఉందా లేదా అనే ప్రశ్నకి బయట ఉండాలనేది ఆయన పట్టుదల. మరుసటి ఏడాది రోమ్‌లో ఖగోళ శాస్త్రజ్ఞుల సభలో మాట్లాడినప్పుడు పోప్ ఆ పోలిక మళ్ళీ తేలేదు. ఆ రోజుల్లో విశ్వానికి మొదలే లేదనే పోటీ సిద్ధాంతం కూడా బలంగానే ఉంది, 1965లో విశ్వం తొలినాళ్ళ నుంచి మిగిలిన మైక్రోవేవ్ కాంతి దొరికాకే త్రాసు ఇటు ఒరిగింది. సైన్స్ మారేది, మారాల్సింది, ఆదికాండము 1ని దానికి కట్టేస్తే రేపు సిద్ధాంతం సవరిస్తే వచనాన్ని కూడా సవరిస్తారా? పైగా ఆ అధ్యాయంలో చెట్లు మూడో రోజు, సూర్యుడు నాలుగో రోజు, దాన్ని సైన్స్ వరసలో పెట్టాలంటే మళ్ళీ గింజుకోవాల్సి వస్తుంది.

ఇదంతా చేశాక మీ కాగితం మీద మూడో లైను రాయండి, ఈ వచనం ఎవరితో ఏం చెప్తుంది అని. సండే స్కూల్లో చెప్పేవాళ్ళయితే ఆ మూడో లైనే పిల్లలకి చెప్పండి, రెండో లైను సైన్స్ టీచర్‌కి వదిలెయ్యండి, ఎందుకంటే పదిహేనేళ్ళ పిల్లాడు కాలేజీలో కాస్మాస్ గురించి చదివిన రోజు మీరు చెప్పిన మిగతా మాటల మీద కూడా నమ్మకం పోగొట్టుకుంటాడు. అవిశ్వాసుల ముందు ప్రకృతి సంగతులు తెలియకుండా మాట్లాడితే వాళ్ళు లేఖనాలనే ఎగతాళి చేస్తారని అగస్టీన్ ఐదో శతాబ్దంలోనే హెచ్చరించాడు. లిస్ట్ పంపింది సంఘంలో పెద్దాయనైతే గ్రూప్‌లో అందరి ముందు సరిచెయ్యకండి, విడిగా ఫోన్ చేసి, అయ్యగారూ యోబు 26 మొత్తం ఒకసారి కలిసి చదువుదామా అని అడగండి, ఏడో వచనం దగ్గర ఆగకుండా పధ్నాలుగు దాకా, ఇవి ఆయన మార్గముల అంచులు మాత్రమే అని యోబు అనే చోటు దాకా.