కొత్త కంప్యూటర్‌కు డ్రైవుల ఎంపిక, డేటా అమరిక

ఇంటికి కొత్తగా డెస్క్‌టాప్ కంప్యూటర్ కొనేవారు ప్రాసెసరు గురించి, ర్యామ్ గురించి పదిమందిని అడిగి తెలుసుకుంటారు గాని, డేటా నిల్వ ఉండే డ్రైవు సంగతి మాత్రం దుకాణదారుకే వదిలేస్తారు. విజయనగరంలో గాని శ్రీకాకుళంలో గాని కంప్యూటర్ అసెంబుల్ చేయించుకుంటే, తరచుగా ఒకే డ్రైవు బిగించి, దాన్ని సీ, డీ, ఈ అని మూడు భాగాలు చేసి, "ఫొటోలవీ డీలో పెట్టుకోండి బాబూ, ఫార్మాట్ కొట్టినా పోవు" అని చెప్పి పంపిస్తారు. ఆ మాట అబద్ధం కాదు. విండోస్ పాడై సీని తుడిచి మళ్లీ ఎక్కించవలసి వస్తే డీలో ఉన్నవి నిజంగానే మిగులుతాయి. కాని డ్రైవే చెడిపోతే మూడు అక్షరాలూ ఒక్కసారే పోతాయి. ఒకే ఇంటికి మూడు గదులు వేసి మూడు ఇళ్లున్నాయనుకోవడం లాంటిదే ఇది. అందువల్ల తెర మీద ఎన్ని అక్షరాలు కనబడుతున్నాయన్నది పక్కనపెట్టి, విడివిడిగా ఎన్ని పరికరాలున్నాయో లెక్క చూసుకోవాలి. మామూలు కుటుంబానికి మూడు ఉంటే మంచిది: విండోస్‌కు ఎస్ఎస్‌డీ (తిరిగే భాగాలు లేని, చిప్పుల మీద రాసే వేగమైన డ్రైవు), ఫొటోలూ వీడియోలకు లోపల ఒక హార్డ్ డిస్కు (లోపల పళ్లేలు తిరిగే డ్రైవు), వాటి నకలుకు బయట మరొక హార్డ్ డిస్కు. డబ్బు రెండింటికే సరిపోతే వదులుకోవలసింది మధ్యదాన్నే గాని మూడోదాన్ని కాదు.

ఎంత సైజు కావాలో అంచనా వేయడం కష్టమేమీ కాదు. ఫోనుతో తీసిన ఫొటో సుమారు 4 ఎంబీ అనుకుంటే పదివేల ఫొటోలకు 40 జీబీ చాలు. చోటు తినేది వీడియో. 4కె వీడియో, ఫోను ఎంచుకున్న పద్ధతిని బట్టి, నిమిషానికి సుమారు 170 నుంచి 350 ఎంబీ వరకు తీసుకుంటుంది. విజయనగరం పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవం నాడు గంటసేపు రికార్డు చేసినవారి ఫోనులో ఆ ఒక్క సాయంత్రమే 10 నుంచి 20 జీబీ నిండుతుంది. ధ్వని అంత చోటు అడగదు. 1919 నుంచి నడుస్తున్న విజయనగరం సంగీత కళాశాలలో పిల్లలెవరైనా చదువుతూ, పాఠాలను సీడీ నాణ్యతతో డబ్ల్యూఏవీ (కుదించని ధ్వని) ఫైళ్లుగా దాచుకున్నా, గంటకు సుమారు 635 ఎంబీ అవుతుంది. మీ ఫోన్లలో ఇప్పుడున్నదంతా కలిపి చూసి, దానికి మూడు నాలుగు రెట్లు ఉండేలా కొంటే కొన్నేళ్లు నిశ్చింతగా ఉండవచ్చు.

ఎస్ఎస్‌డీ విషయంలో రెండు రకాల మధ్య తేడా తెలిసి ఉండాలి. సాటా అనే పాత తరహా అనుసంధానం వాడే రకం సెకనుకు సుమారు 550 ఎంబీ దగ్గర ఆగిపోతుంది. ఎన్‌వీఎంఈ రకం పీసీఐఈ అనే వేగమైన దారిని వాడుతుంది, ఆ దారి మూడో తరానిదైతే సుమారు 3500 ఎంబీ, నాలుగో తరానిదైతే 7000 ఎంబీ దాకా చదవగలదు. హార్డ్ డిస్కు 150 నుంచి 250 ఎంబీ మధ్య ఉంటుంది. ఈ అంకెలు చూసి అత్యంత వేగమైనదే కావాలనుకోనక్కరలేదు. కంప్యూటర్ ఆన్ చేసినప్పుడు, బ్రౌజరు తెరిచినప్పుడు తెలిసే పెద్ద తేడా హార్డ్ డిస్కుకూ ఎస్ఎస్‌డీకీ మధ్య ఉన్నదే. మూడో తరానికీ నాలుగో తరానికీ ఇంటి పనుల్లో కనబడేది బహు స్వల్పం. మదర్‌బోర్డు మీద ఎం.2 స్లాటు (చిన్న పలక ఆకారపు డ్రైవును దూర్చే గాడి) ఉందో లేదో, ఉంటే అది ఎన్‌వీఎంఈని తీసుకుంటుందో లేదో మాన్యువల్లో చూడాలి, ఎందుకంటే ఎం.2 ఆకారంలోనే సాటా డ్రైవులూ దొరుకుతాయి. కొన్ని బోర్డుల్లో ఎం.2 స్లాటు వాడితే ఒక సాటా పోర్టు పనిచేయడం మానేస్తుంది, ఇదీ మాన్యువల్లోనే ఉంటుంది. 22 మిల్లీమీటర్ల వెడల్పు, 80 మిల్లీమీటర్ల పొడవు ఉండే ఈ చిన్న పలకను స్లాటులోకి ఏటవాలుగా దూర్చి, పైకి లేచిన చివరను కిందికి నొక్కి ఒకే ఒక్క చిన్న స్క్రూతో బిగిస్తారు. ఆ స్క్రూ మదర్‌బోర్డు డబ్బాలోనే వస్తుంది. దుకాణంలో ఆ డబ్బాను వదిలేసి రావద్దు, రేపు రెండో డ్రైవు పెట్టుకోవాలంటే అంత సన్నని స్క్రూ కోసం వెతుక్కోవలసి వస్తుంది.

విండోస్ 11కు కనీసం 64 జీబీ కావాలని మైక్రోసాఫ్ట్ చెబుతుంది గాని, 500 జీబీకి తక్కువ కొనడం అనవసరపు పొదుపు. ఎస్ఎస్‌డీ నిండేకొద్దీ రాత వేగం పడిపోతుంది కనుక పదోవంతు నుంచి ఐదోవంతు వరకు ఎప్పుడూ ఖాళీగా ఉంచాలి. ఎస్ఎస్‌డీ త్వరగా అరిగిపోతుందన్న భయం ఇంకా కొందరిలో ఉంది. టీఎల్‌సీ (ఒక్కో మెమరీ కణంలో మూడు బిట్లు దాచే) రకం 1 టీబీ డ్రైవుల్లో చాలావాటికి కంపెనీలు మొత్తం 600 టీబీ డేటా రాసేదాకా హామీ ఇస్తాయి. రోజుకు 50 జీబీ రాసినా అది తీరడానికి ముప్పై ఏళ్లు దాటుతుంది.

హార్డ్ డిస్కు కొనేటప్పుడు అసలు జాగ్రత్త వేరే చోట ఉంది. వాడేసిన డిస్కును శుభ్రం చేసి కొత్తదిగా అమ్మడం ఈ వ్యాపారంలో జరుగుతూనే ఉంటుంది. క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో అనే ఉచిత ప్రోగ్రాం తెరిస్తే డిస్కు ఇప్పటివరకు ఎన్ని గంటలు నడిచిందో "పవర్ ఆన్ అవర్స్" అన్న చోట కనబడుతుంది. కొత్త డిస్కుకు అది సున్నాకు దగ్గరగా ఉండాలి. ఆ అంకెను కూడా చెరిపేసేవారు ఉంటారు కాబట్టి, డిస్కు మీది సీరియల్ నంబరును కంపెనీ వెబ్‌సైటులో కొట్టి వారంటీ ఎప్పటిదాకా ఉందో చూడాలి, అదే నంబరు బిల్లు మీద రాయించుకోవాలి. అదే ప్రోగ్రాంలో రీఅలొకేటెడ్ సెక్టర్లు (చెడిపోయి బదులు వేరేవి వాడుతున్న చోట్లు), పెండింగ్ సెక్టర్లు (చెడిపోయాయేమోనన్న అనుమానమున్న చోట్లు) అన్న రెండు వరుసలను అప్పుడప్పుడు గమనించాలి. వాటి అంకెలు పెరుగుతున్నాయంటే డిస్కు మార్చే సమయం వచ్చినట్టే. వారంటీ కొత్త డిస్కును ఇస్తుంది గాని అందులోని పెళ్లి ఫొటోలను ఇవ్వదు. ఇంకొక మాట: కొన్ని డిస్కులు ఎస్ఎంఆర్ పద్ధతిలో, అంటే డేటా వరుసలను ఒకదానిమీద ఒకటి కొంత అతివ్యాప్తి చేసి రాస్తాయి. ఇవి ఒకేసారి వందల జీబీలు కాపీ చేస్తే బాగా నెమ్మదిస్తాయి, కాని రాసి దాచుకోవడానికి పనికొస్తాయి.

మన జిల్లాల్లో కరెంటు సంగతి మరచి డ్రైవుల గురించి మాట్లాడితే లాభం లేదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను, 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను తీరం దాటిన తరువాత ఊళ్లకు ఊళ్లు చీకట్లో ఉండిపోయాయి. తుపాను లేని రోజుల్లోనూ వేసవి గాలివానకు కరెంటు పోయి రావడం మామూలే. నేటి హార్డ్ డిస్కు కరెంటు పోగానే తన హెడ్లను (డేటా చదివే, రాసే మొనలను) తానే పక్కకు చేర్చుకుంటుంది, కాని ఆ క్షణంలో రాస్తున్న ఫైలు సగంలో ఆగిపోతుంది. ఇన్వర్టరు ఉంది కదా అనుకోవచ్చు. చాలా ఇన్వర్టర్ల మీద యూపీఎస్, మామూలు అని రెండు స్థానాల స్విచ్చు ఉంటుంది. మామూలు స్థానంలో ఉంటే బ్యాటరీకి మారడానికి పట్టే ఆ కాస్త సమయానికే కంప్యూటర్ ఆగి మళ్లీ మొదలవుతుంది. దాన్ని యూపీఎస్ స్థానంలో ఉంచాలి, లేదా కంప్యూటర్‌కు విడిగా చిన్న యూపీఎస్ పెట్టుకోవాలి.

డ్రైవులు బిగించాక, కొత్త హార్డ్ డిస్కును విండోస్‌లోని డిస్క్ మేనేజ్‌మెంట్‌లో జీపీటీ (డిస్కు భాగాల వివరాలు రాసుకునే కొత్త పద్ధతి) పద్ధతిలో సిద్ధం చేయాలి. పాత ఎంబీఆర్ పద్ధతి 2 టీబీ దాటి పనిచేయదు. 1 టీబీ డిస్కు 931 జీబీగా కనబడితే మోసపోయామనుకోవద్దు: కంపెనీ వెయ్యి చొప్పున లెక్కిస్తుంది, విండోస్ 1024 చొప్పున లెక్కిస్తుంది. ఎస్ఎస్‌డీని ముక్కలు చేయకుండా మొత్తం సీగానే ఉంచి, హార్డ్ డిస్కుకు డీ అక్షరం ఇవ్వడం సులువు. తరువాత పిక్చర్స్, వీడియోస్ ఫోల్డర్ల మీద కుడి క్లిక్ చేసి, ప్రాపర్టీస్‌లో లొకేషన్ ట్యాబు తెరిచి వాటిని డీకి మార్చవచ్చు. మార్చేముందు వన్‌డ్రైవ్ (మైక్రోసాఫ్ట్ వారి ఇంటర్నెట్ నిల్వ) సెట్టింగులు చూడాలి. కొత్త విండోస్ మీరు గమనించకుండానే డాక్యుమెంట్స్, పిక్చర్స్‌ను వన్‌డ్రైవ్‌లోకి పంపిస్తూ ఉండవచ్చు, అక్కడ ఉచితంగా దొరికేది 5 జీబీ మాత్రమే. మైక్రోసాఫ్ట్ ఖాతాతో ఎక్కించిన ఇటీవలి విండోస్ 11 డ్రైవును ఎన్‌క్రిప్ట్ కూడా చేసి, అంటే కీ లేకుండా చదవలేని రూపంలోకి మార్చి, ఉండవచ్చు. దాని 48 అంకెల రికవరీ కీని కాగితం మీద రాసి, పట్టాదారు పాసు పుస్తకాలతో కలిపి బీరువాలో పెట్టండి. మదర్‌బోర్డు చెడి డ్రైవును వేరే కంప్యూటర్‌కు తగిలించినప్పుడు ఆ కీ లేకపోతే, ఎంత అనుభవమున్న మెకానిక్ అయినా అందులోంచి ఒక్క ఫొటో తీయలేడు.

ఫోల్డర్లకు పేర్లు పెట్టేటప్పుడు సంవత్సరం, నెల ముందు రాయడం అలవాటు చేసుకోవాలి: "2025-10 సిరిమాను", "2026-01 సంక్రాంతి" అని పెడితే కాలక్రమంలో వాటంతటవే సర్దుకుంటాయి. యూనికోడ్‌లో రాసిన తెలుగు పేర్లు విండోస్‌లో నిక్షేపంగా పనిచేస్తాయి, వెతికితే దొరుకుతాయి కూడా. "న్యూ ఫోల్డర్ (4)" లాంటి పేర్లతో వదిలేస్తే రెండేళ్ల తరువాత అందులో ఏముందో పెట్టినవారికే తెలియదు. స్కాన్ చేసిన మార్కుల జాబితాలు, భూమి కాగితాలు, ఆధార్ ప్రతులు ఫొటోల్లో కలిపేయకుండా వేరే ఫోల్డరులో, ఒక్కొక్కరి పేరు మీద పెట్టుకుంటే దరఖాస్తు గడువు రోజున వెతుకులాట ఉండదు.

బయటి డిస్కుకు ఎస్ఎస్‌డీ కంటే హార్డ్ డిస్కే మేలు, ఎందుకంటే నెలల తరబడి కరెంటు తగలకుండా బీరువాలో ఉండిపోతే, ముఖ్యంగా బాగా అరిగిన ఎస్ఎస్‌డీ, డేటాను పోగొట్టుకునే అవకాశం ఉంది. విండోస్ కంప్యూటర్లకే వాడేటట్లయితే దాన్ని ఎన్‌టీఎఫ్ఎస్ అనే విండోస్ సొంత ఫైలు అమరికలో ఫార్మాట్ చేయాలి. ఎక్స్‌ఫ్యాట్ అనే మరో అమరికలో ఉన్న డిస్కు హఠాత్తుగా ఊడితే దెబ్బతినే అవకాశం ఎక్కువ. సెకనుకు 120 ఎంబీ చొప్పున 500 జీబీ కాపీ కావడానికి గంట పది నిమిషాలు పడుతుంది. విండోస్‌లోని ఫైల్ హిస్టరీ మారినవాటినే కాపీ చేస్తుంది కనుక ఆ తరువాత ప్రతిసారీ అంతసేపు కూర్చోనక్కరలేదు. కాపీ అయ్యాక డిస్కును తీసేయాలి. తగిలించే ఉంచితే వైరస్ వచ్చినా, పిడుగు పడినా అదీ కలిసే పోతుంది. తీరం దగ్గరి ఊళ్లలో ఉప్పుగాలీ చెమ్మా ఎక్కువ కాబట్టి, గట్టిగా మూసుకునే డబ్బాలో ఒక సిలికా జెల్ పొట్లంతో పాటు ఉంచాలి. వీలైతే మరొక నకలును వేరే ఊళ్లో ఉన్న అక్క ఇంట్లోనో తమ్ముడి ఇంట్లోనో పెట్టి, పండగకు వెళ్లినప్పుడల్లా మార్చుకుంటూ రావాలి. నకలు డిస్కు మీద చివరిసారి కాపీ చేసిన తేదీ ఉన్న కాగితం అంటించి, ఆరు నెలలకోసారి అందులోంచి ఏవైనా నాలుగు ఫైళ్లు, ఒక వీడియోతో సహా, వేరే కంప్యూటర్‌లో తెరిచి చివరిదాకా ఆడుతున్నాయో లేదో చూడండి.