సైనిక మాన్యువల్‌ను పాఠంగా పంచే ముందు

సైన్యంలో పనిచేసి వచ్చాక పర్లాకిమిడిలో కుర్రాళ్లకు పటం చదవడం, ప్రథమ చికిత్స నేర్పుతున్నాను. ప్రతి జట్టులోనూ ఎవరో ఒకరు ఫోనులో ఒక మాన్యువల్ చూపించి, "మాస్టారూ, అందరికీ జిరాక్స్ తీయిద్దామా?" అని అడుగుతారు. ఇలా అడిగేవాళ్లు నాకు ఇష్టం. జవాబు వివరంగా చెప్పాలి.

కాపీరైట్ సంగతి తరువాత. ముందు అట్ట చూడండి. రిస్ట్రిక్టెడ్, కాన్ఫిడెన్షియల్, సీక్రెట్ వంటి ముద్ర ఉంటే అక్కడే ఆగిపోవాలి. 1923 నాటి అధికార రహస్యాల చట్టం అలాంటి సమాచారాన్ని ఇచ్చినవాడినే కాదు, అక్రమంగా వచ్చిందని తెలిసి పుచ్చుకున్నవాడినీ పట్టుకుంటుంది. నెట్‌లో దొరికిందన్న మాట అనుమతి కాదు. "ఇది చూడండి" అంటూ వాట్సాప్ గ్రూపులో పెట్టడమూ పంచడమే. అట్ట చిరిగిపోయి ముద్ర ఉందో లేదో తెలియకపోతే, ఉందనే అనుకోండి. ఉద్యోగం కోసం చదివే పిల్లవాడి మీద కేసు పడితే వాడి జీవితం ఏమవుతుందో ఆలోచించండి.

ముద్ర లేని పుస్తకమైతే అప్పుడు కాపీరైట్. మన ప్రభుత్వ ప్రచురణకు, అచ్చయిన మరుసటి ఏడాది మొదలు 60 ఏళ్లు హక్కు ఉంటుంది. 1960లో వెలువడినదానికి 2020 చివరితో గడువు తీరింది. అయితే కాపీరైట్ తీరినంత మాత్రాన రహస్యం తొలగిపోదు. ఆ రెండూ వేర్వేరు చట్టాలు.

గడువు ఉన్నా దారి మూసుకుపోలేదు. 1957 కాపీరైట్ చట్టం 52వ సెక్షన్ బోధనలో భాగంగా గురువు, విద్యార్థి చేసుకునే నకలుకు వెసులుబాటు ఇస్తుంది. విద్యార్థులకు పుస్తకాల పుటలు జిరాక్స్ తీసి ఇస్తున్నారని ప్రచురణకర్తలు వేసిన ఢిల్లీ విశ్వవిద్యాలయం కేసులో 2016లో ఢిల్లీ హైకోర్టు దీన్ని విశాలంగానే చదివింది. అది విశ్వవిద్యాలయం సంగతి కనుక, మనలాంటి చిన్న శిక్షణ కేంద్రాలు హద్దులో ఉండాలి: ఆనాటి పాఠానికి కావలసిన పుటలే, తరగతిలోని వాళ్లకే. బైండు చేయించి అమ్మితే అది వ్యాపారం, ఆ పని చేయవద్దు.

పిల్లలు తెచ్చేవాటిలో అమెరికా సైన్యం మాన్యువళ్లూ ఉంటాయి. అమెరికా కాపీరైట్ చట్టం 105వ సెక్షన్ ప్రకారం ఆ ప్రభుత్వోద్యోగులు విధుల్లో భాగంగా రాసినదానికి అక్కడ కాపీరైట్ లేదు. ఆ మినహాయింపు వాళ్ల దేశానిది. ఇక్కడ నేను మన 52వ సెక్షన్ హద్దులోనే ఉంటాను. మొదటి పుటలో పంపిణీకి పరిమితి లేదని రాసి ఉందేమో చూడండి. ప్రభుత్వ సంస్థలకే పరిమితమన్నవీ ఉంటాయి. లోపలి ఫొటోలు ప్రైవేటువారివి కావచ్చు.

నిజానికి నకలు అవసరం తక్కువే. దిక్సూచి వాడే పద్ధతి ఎవరి సొత్తూ కాదు. మీ మాటల్లో మీరే పాఠం రాయండి, తెలుగులో. పటాలకు సర్వే ఆఫ్ ఇండియావారు జనం కోసం ఇచ్చే ఓపెన్ సిరీస్ ఉంది. సైన్యం కోసం వేసే రక్షణ సిరీస్ జోలికి వెళ్లవద్దు. మహేంద్రగిరి ఉన్న షీటు తీసుకుని కాంటూరు గీతలు (ఒకే ఎత్తున్న చోట్లను కలిపే గీతలు) చూపిస్తే, రోజూ ఆ కొండను చూసే కుర్రాడికి వాలు ఎటు నిటారుగా ఉందో వెంటనే తెలుస్తుంది.