కత్తిరి ఎండల్లో నా దగ్గు ఇలా తగ్గింది

నాకు సీఓపీడీ (ఊపిరి ఆడకుండా చేసే దీర్ఘకాలిక ఊపిరితిత్తుల జబ్బు) ఉంది, ఉండేది చెన్నై వేళచ్చేరిలో. మే నెలలో కత్తిరి ఎండలు, అంటే ఇక్కడి నడివేసవి మండుటెండలు, మొదలవగానే దగ్గు ఎక్కువైంది, రాత్రిళ్లు కూర్చునే నిద్రపోయేవాణ్ణి, మా ఆవిడకి ఒకటే టెన్షన్. ఇన్‌హేలర్ ఎక్కడ పెడుతున్నారని డాక్టరుగారు ముందు అదే అడిగారు. స్కూటర్ డిక్కీలో! 30 డిగ్రీలు దాటిన చోట ఉంచకూడదని దాని అట్టపెట్టె మీదే రాసి ఉంది, నేనెప్పుడూ చదవలేదు. కొత్తది తెచ్చి ఇంట్లో చల్లటి చోట పెట్టాను, దానికి స్పేసర్ (మందు సరిగ్గా పీల్చడానికి పెట్టే గొట్టం) తగిలించి నిదానంగా పీల్చడం నేర్చుకున్నాను. ఏసీ ఫిల్టర్ విప్పి చూస్తే బూడిదరంగు దుమ్ము దుప్పటిలా పేరుకుని ఉంది, అది కడిగి ఆరబెట్టి బిగించాక రాత్రి దగ్గు సగానికి సగం తగ్గింది. నడక ఇప్పుడు తెల్లవారుజామున 5:30కే. కఫం పచ్చగా మారితే మాత్రం వెంటనే డాక్టరు దగ్గరికి వెళ్లండి, నేను నాలుగు రోజులు ఆగి చాలా ఇబ్బంది పడ్డాను.