కుందేలును పోగొట్టుకున్నాక సరైన పశువైద్యుడిని వెతుక్కోవడం ఎలా

"రాత్రి వరకు బాగానే ఉంది, పొద్దున లేచి చూసేసరికి పోయింది" అన్న మాట కుందేళ్లు పెంచేవారి నోట తరచుగా వినిపిస్తుంది. నిజానికి ఆ రాత్రి అది బాగా ఉండి ఉండదు. నక్కకూ గద్దకూ ఆహారమయ్యే జంతువు కనుక కుందేలు తన నొప్పిని బయటపడనివ్వదు, ఒక మూల ఒదిగి కూర్చుంటుంది, అంతే. దానికి తోడు, మన రెండు రాష్ట్రాలలో పశువైద్యుల అనుభవమంతా ఆవులు, గేదెలు, గొర్రెలు, కోళ్ల మీదా, నగరాలలోనైతే కుక్కలు, పిల్లుల మీదా నడుస్తుంది. కాబట్టి కుందేలు వైద్యం తెలిసిన డాక్టరు దగ్గరలో దొరుకుతాడన్న నమ్మకం పెట్టుకోకూడదు. వెతుక్కోవాలి, అదీ అవసరం రాకముందే.

ఈ వెతుకులాట చనిపోయిన కుందేలుతోనే మొదలు కావాలి. కారణం తెలియకుండా పూడ్చిపెడితే, మిగిలిన కుందేలుకు గానీ రేపు తెచ్చుకోబోయేదానికి గానీ ఏ జాగ్రత్త తీసుకోవాలో తెలియదు. పోస్టుమార్టం చేయించడం మనసుకు కష్టమే, కానీ దానికి వ్యవధి చాలా తక్కువ. దట్టమైన బొచ్చు ఒంటి వేడిని పట్టి ఉంచుతుంది కనుక, ముఖ్యంగా ఎండాకాలంలో, శరీరం లోపల నుంచి త్వరగా పాడవుతుంది. బొచ్చును చల్లని నీళ్లతో బాగా తడిపి, రెండు ప్లాస్టిక్ సంచుల్లో చుట్టి, ఫ్రిజ్‌లోనో ఐసు పెట్టిన థర్మోకోల్ పెట్టెలోనో ఉంచి, వీలైతే ఆ రోజే చేర్చాలి. డీప్ ఫ్రీజర్‌లో పెట్టకూడదు, గడ్డకట్టిన కణజాలం పరీక్షకు సరిగా పనికిరాదు. హైదరాబాద్ రాజేంద్రనగర్, తిరుపతి, గన్నవరం వంటి చోట్ల ఉన్న పశువైద్య కళాశాలల్లో పాథాలజీ విభాగాలు ఉంటాయి. బయలుదేరే ముందు ఫోన్ చేసి, ఆ రోజు తీసుకుంటారో లేదో కనుక్కోవడం మంచిది.

జంటలో ఒకటి పోయినప్పుడు రెండోదాని మీద కన్నేసి ఉంచాలి. తోడు పోయిన కుందేలు తిండి మానేయడం మామూలే, ఆ మానేయడమే దాని ప్రాణం మీదికి తెస్తుంది. అంటురోగం అనుమానం లేకపోతే, చనిపోయినదాన్ని కాసేపు దాని దగ్గర ఉంచితే వెతుక్కుంటూ తిరగడం తగ్గుతుందని చాలామంది అనుభవజ్ఞులు చెబుతారు. అనుమానం ఉంటే మాత్రం ఆ పని చేయకుండా, మిగిలినదాన్ని అదే రోజు డాక్టరుకు చూపించాలి.

ఇక వెతకడం సంగతి. బోర్డు మీద "ఎగ్జాటిక్ పెట్స్" అని రాసి ఉన్నంత మాత్రాన సరిపోదు. ఆ మాట కింద చిలుకలు, తాబేళ్లు, ఇగ్వానాలు కూడా వస్తాయి. డాక్టరు రాష్ట్ర పశువైద్య మండలిలో నమోదై ఉండాలన్నది మొదటి షరతు. 1984 నాటి భారత పశువైద్య మండలి చట్టం ప్రకారం నమోదైనవారే పశువైద్యం చేయాలి. పెట్ షాపుల్లో ఇంజెక్షన్లు వేసే "డాక్టరు గారు" ఈ షరతు దగ్గరే ఆగిపోవచ్చు. ఆ తర్వాత, మీ ఊళ్లో ఏళ్ల తరబడి కుందేళ్లు పెంచుతున్నవారిని అడగండి. అయితే "మంచి డాక్టరేనా?" అని అడిగితే అందరూ అవుననే అంటారు. "మీ కుందేలుకు ఆపరేషన్ చేశారా, ఎన్ని గంటలకు మళ్లీ తిన్నది?" అని అడిగితే పనికొచ్చే జవాబు వస్తుంది.

క్లినిక్‌కు ఫోన్ చేసినప్పుడు అన్నిటికంటే ఎక్కువ సంగతి చెప్పే ప్రశ్న ఒకటుంది: "ఆపరేషన్‌కు ముందు ఎన్ని గంటలు పస్తుంచాలి?" కుక్కకూ పిల్లికీ ముందు రాత్రి నుంచి తిండి ఆపుతారు, ఎందుకంటే మత్తులో వాంతి చేసుకునే ప్రమాదం ఉంది. కుందేలు అసలు వాంతి చేసుకోలేదు. పైగా దాని పేగులు ఎప్పుడూ కదులుతూనే ఉండాలి. అందువల్ల రాత్రంతా పస్తుంచమని చెప్పిన క్లినిక్, కుందేలును చిన్న సైజు పిల్లిలా చూస్తోందని అర్థం. నోటిలో మేత లేకుండా చూడడానికి గంటో రెండు గంటలో ఆపమంటే అది వేరే సంగతి.

రెండో ప్రశ్న యాంటీబయాటిక్స్ గురించి. అమాక్సిసిలిన్, యాంపిసిలిన్, క్లిండామైసిన్ వంటివి నోటి ద్వారా ఇస్తే కుందేలు పేగుల్లోని మంచి బాక్టీరియా చచ్చి, విషం పుట్టించే క్లాస్ట్రిడియం పెరిగి, కొద్ది రోజుల్లోనే ప్రాణం పోవచ్చు. ఎన్రోఫ్లాక్సాసిన్, ట్రైమెథోప్రిమ్ సల్ఫా మందులను కుందేళ్లు తట్టుకోగలవు. పెన్సిలిన్‌ను సైతం అవసరమైతే ఇంజెక్షన్ రూపంలో వాడతారు, నోటి ద్వారా ఇవ్వరు. మూడోది, పేలకూ పిడుదులకూ ఏం వాడతారన్నది. కుక్కల మెడ మీద వేసే ఫిప్రోనిల్ చుక్కలు కుందేలుకు విషం. గజ్జికి, పేలకు సెలామెక్టిన్ వాడతామని చెబితే అది తెలిసిన మనిషి మాట. ఈ ప్రశ్నలు డాక్టరును పరీక్షకు పెట్టినట్టు కాకుండా, "ఇంతకుముందు ఒకటి పోయింది సార్, అందుకే భయంగా ఉంది" అని చెప్పి అడిగితే చాలామంది ఓపికగానే జవాబిస్తారు. విసుక్కున్నారంటే అది కూడా జవాబే.

ఫోన్‌లో తృప్తి కలిగితే, కుందేలు ఆరోగ్యంగా ఉన్న రోజునే మొదటిసారి చూపించుకు రండి. అక్కడ డాక్టరు చేతుల్ని గమనించండి. జారే స్టీలు బల్ల మీద తువ్వాలు పరిచారా? ఎత్తేటప్పుడు ఒక చెయ్యి ఛాతీ కింద, మరొకటి వెనక కాళ్ల కింద పెట్టారా? చెవులు పట్టి ఎత్తేవాళ్ల దగ్గర ఇంకొక్క నిమిషం కూడా ఉండనక్కర్లేదు. వెనక కాళ్లకు ఆధారం లేకుండా తన్నుకుంటే కుందేలు వెన్ను విరగవచ్చు. తూకం వేసి గ్రాములలో రాసుకోవాలి. స్టెతస్కోప్ గుండె మీదే కాక పొట్టకు రెండు వైపులా పెట్టి పేగుల చప్పుడు వినాలి. ముందు పళ్లు చూసి వదిలేయకూడదు. కుందేలు పళ్లన్నీ జీవితాంతం పెరుగుతూనే ఉంటాయి కనుక, చెవులు చూసే ఓటోస్కోప్ మొనను పెదవి మూల నుంచి లోపలికి పోనిచ్చి దవడ పళ్ల అంచులు చూడాలి. నాలుకను గీసే చిన్న ముల్లు లాంటి అంచు వల్ల తిండి మానేసిన కుందేళ్లు ఎన్నో. వెనక భాగం తడిగా ఉందో లేదో చూడడం కూడా ముఖ్యం, వానాకాలంలో అక్కడే ఈగలు గుడ్లు పెట్టి పురుగులు పడతాయి.

ఆడ కుందేలైతే గర్భసంచి తొలగించే ఆపరేషన్ గురించి డాక్టరు తనంతట తానే ప్రస్తావిస్తే సంతోషించాలి. నాలుగేళ్లు దాటిన ఆడ కుందేళ్లలో గర్భాశయ క్యాన్సర్ చాలా ఎక్కువగా కనిపిస్తుంది. ఐసోఫ్లురేన్ వంటి పీల్చే మత్తు వాడతారా, శరీరం చల్లబడకుండా ఏం చేస్తారు, తర్వాత నొప్పికి మెలాక్సికామ్ వంటిది ఎన్ని రోజులు ఇస్తారు అన్నవి అప్పుడు అడగవలసినవి.

అత్యవసరంగా వెళ్లవలసి వచ్చేది ఎక్కువగా ఒకే కారణంతో: తిండి మానేసింది, పెంటికలు చిన్నవయ్యాయి లేదా ఆగిపోయాయి. పది పన్నెండు గంటలు ఏమీ తినకపోతే తెల్లారనిద్దామని ఆగకూడదు. సరైన వైద్యం ఎలా ఉంటుందో తెలిసి ఉంటే అక్కడ గాభరా తగ్గుతుంది. మొదట ఉష్ణోగ్రత చూస్తారు. మామూలుగా అది 101 నుంచి 103 డిగ్రీల ఫారెన్‌హీట్ దాకా ఉంటుంది, 100 కంటే తగ్గితే ముందు ఒళ్లు వెచ్చబెట్టాలి. తర్వాత నొప్పి మందు, సెలైన్. పేగులు కదిలించే మందు వేసే ముందు అడ్డంకి ఉందేమో చూడాలి, అందుకు ఎక్స్‌రే కావాలి. ఎక్స్‌రే దొరకని రాత్రివేళ, ఇళ్లలో వాడే గ్లూకోమీటర్ కూడా కొంత చెబుతుంది. రక్తంలో చక్కెర 360 మిల్లీగ్రాముల పైన ఉంటే అడ్డంకిని గట్టిగా అనుమానించాలి. అడ్డంకి లేదని తేలాకే సిరంజితో మేత పట్టించడం. ఇవేవీ లేకుండా ఒక బి-కాంప్లెక్స్ ఇంజెక్షన్ వేసి "రేపు చూద్దాం" అంటే, మరో డాక్టరు దగ్గరకు వెళ్లవలసిన సమయం వచ్చిందన్నమాట. రాత్రివేళ ఎవరు చూస్తారన్నది అందుకే మొదటి రోజే అడిగి, రెండో డాక్టరు నంబరు కూడా రాసి పెట్టుకోవాలి.

చిన్న ఊళ్లలో ఉన్నవారికి ఇదంతా అందని మాటలా అనిపించవచ్చు. నా అభిప్రాయంలో, మండల కేంద్రంలోని ప్రభుత్వ పశువైద్యుడు "కుందేళ్లు నేనెక్కువ చూడలేదు, అడిగి చెబుతాను" అంటే, అన్నీ తెలుసనే నగరం డాక్టరు కంటే ఆయనే నయం. నగరంలో కుందేళ్లు చూసే డాక్టరుకు ఒకసారి చూపించి, తర్వాత ఇద్దరినీ ఫోన్‌లో మాట్లాడుకోనిస్తే, ఇంజెక్షన్లూ సెలైనూ ఊళ్లోనే జరిగిపోతాయి.

ప్రయాణంలో ఎండ పెద్ద శత్రువు. కుందేలుకు చెమట పట్టదు, వేడి చాలావరకు చెవుల నుంచే పోతుంది. మే నెలలో అయితే తెల్లవారుజామున బయలుదేరి, గాలి ఆడే బుట్టలో గరిక వేసి, గడ్డకట్టిన నీళ్ల సీసాను గుడ్డలో చుట్టి ఒక పక్కన పెట్టాలి. జంట ఉంటే రెండింటినీ కలిపే తీసుకెళ్లండి. విడదీసి తెస్తే, తిరిగొచ్చాక వాసన మారిందని పోట్లాడుకునే అవకాశం ఉంది.

ఇంట్లో ఒక నోటుపుస్తకం పెట్టుకుని, వారానికొకసారి వంటింటి తూకం మీద తూచిన బరువు, ఏం తిన్నది, పెంటికలు ఎలా ఉన్నాయి అన్నది రాయండి. కిలోన్నర కుందేలు వంద గ్రాములు తగ్గితే కంటికి తెలియదు, అంకెకు తెలుస్తుంది. డాక్టరు దగ్గరకు వెళ్లేటప్పుడు ఆ పుస్తకంతో పాటు ఆ ఉదయపు పెంటికలను ఒక చిన్న డబ్బాలో తీసుకెళ్లండి. కొత్త కుందేలు తెచ్చే ఆలోచన ఉంటే, పోస్టుమార్టం నివేదిక వచ్చేదాకా ఆగి, పాత బోనును ఎలా శుభ్రం చేయాలో, అసలు వాడవచ్చో లేదో ఆ డాక్టరునే అడగాలి. వచ్చినదాన్ని మొదట ఆయనకు చూపించి, ఆ తర్వాత కూడా కనీసం రెండు వారాలు వేరే గదిలో ఉంచి, పాతదానికి మేత పెట్టాకే దీని పని చూడాలి.